ఉబుంటులో ఫైల్ పేరుతో ప్యాకేజీ వెతకడం

తమ్ముడూ, అమీర్‌పేట ల్యాబ్ మెషీన్‌లో ఓపెన్‌సీవీ (ఫొటోలు, వీడియోలతో పనిచేసే లైబ్రరీ) 'లిబ్‌జీఎల్ డాట్ ఎస్ఓ డాట్ 1' అనే ఫైల్ లేదంటోంది, ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కట్టలు) వెతికే ఆప్ట్ సెర్చ్ కమాండ్‌కి దొరకట్లేదన్నావు. దొరకదు మరి. అది ప్యాకేజీల పేర్లు, వివరణల్లోనే చూస్తుంది, లోపలి ఫైళ్లను చూడదు. దానికి ఆప్ట్-ఫైల్ అనే టూల్ కావాలి.

ముందు 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆప్ట్-ఫైల్', తర్వాత 'సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్'. ఇది వదిలేస్తే జాబితా ఖాళీగా ఉండి ఏమీ రాదు. డౌన్‌లోడ్ కాస్త పెద్దదే, ల్యాబ్ వైఫై మీద ఓపిక పట్టు. ఆపై 'ఆప్ట్-ఫైల్ సెర్చ్' పక్కన ఆ ఫైల్ పేరు. జీ, ఎల్ పెద్దక్షరాల్లోనే కొట్టాలి, లేదంటే పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడకుండా మైనస్ ఐ పెట్టు. వచ్చిన వరుసల్లో నీకు కావాల్సింది లిబ్‌జీఎల్1, అన్నీ చిన్నక్షరాలే.

పేరు తెలిసిన ప్యాకేజీకైతే ఆప్ట్ సెర్చ్‌కి 'మైనస్ మైనస్ నేమ్స్-ఓన్లీ' తగిలిస్తే చాలు, వివరణల చెత్త రాదు.