ఒడియా కాగితం మీద తెలుగు సంతకం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కొత్త మందులను మనుషుల మీద పరీక్షించి చూసే ట్రయల్స్ గురించి బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మా అత్తగారికి 61 ఏళ్లు. షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్నాయి. పెద్దాసుపత్రిలో కొత్త మందు ట్రయల్‌లో చేరమన్నారు. మందులూ పరీక్షలూ ఉచితమట. కాగితాలు పద్దెనిమిది పేజీలు, అన్నీ ఒడియాలో. ఆవిడ ఒడియా మాట్లాడతారు గానీ చదవలేరు. తెలుగైతే కూడబలుక్కుని చదువుకుంటారు. ఇవాళే సంతకం పెట్టమంటున్నారు. ఏడాది ఆదాయం, నామినీ పేరు కూడా రాయమనేసరికి మాకు భయం పట్టుకుంది. పెట్టవచ్చా?
– ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: ఇవాళ పెట్టకండి. ట్రయల్ చెడ్డదని కాదు, ఆవిడ చదవలేని కాగితం గనుక. 2019 మార్చి 19న వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం రోగికి ఇచ్చే సమాచార పత్రం ఆ రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆసుపత్రి ఒడిశాలో ఉంది కాబట్టి ఒడియా, హిందీ, ఇంగ్లీషు ప్రతులు సిద్ధం చేసుకుని కూర్చుంటారు. మన జిల్లాల్లో ఓపీ వరుసలో తెలుగువాళ్లు ఎంతమంది నిలబడతారో మందు కంపెనీకి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. ఆ చెప్పేది మీరే కావాలి. "మాకు తెలుగు ప్రతి కావాలి" అని ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్‌ని అడగండి. ఆయన అప్పటికప్పుడు తెలుగులో రాసిచ్చింది చెల్లదు. అనువాదం ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగుల హక్కులు, భద్రత చూసే సంఘం) ముందుకు వెళ్లి ఆమోదం పొందాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. షుగరు, కిడ్నీ జబ్బుల్లో అన్నాళ్లు ఆగినా సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం మానకూడదు.

చదువే రానివారి పద్ధతి వేరు. ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని, రెండు భాషలూ తెలిసిన సాక్షి మొదటి మాట నుంచి వేలిముద్ర పడేదాకా పక్కనే కూర్చోవాలి. అంతా అయ్యాక వరండాలో కనబడిన మనిషిని పిలిచి సంతకం పెట్టించడం మామూలుగా జరిగే తప్పు. ఆ ట్రయల్‌లో పనిచేసే నర్సు సాక్షి కాకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంలో చాలా పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ అధ్యయనం ఆగిపోయింది. చనిపోయిన బాలికల విషయంలో టీకాయే కారణమని విచారణలో తేలలేదు. తల్లిదండ్రులను అడగకుండా పెట్టిన ఆ సంతకాలకు మాత్రం ఎవరి దగ్గరా సరైన సమాధానం లేకపోయింది.

ఇక కాగితం చేతికి వచ్చాక ఎలా చూడాలో చెబుతాం. ప్రతి పేజీ అడుగున వెర్షన్ నంబరు, తేదీ ఉంటాయి. సమాచార పత్రం మీదా సమ్మతి పత్రం మీదా ఉన్నవి ఎథిక్స్ కమిటీ ఆమోదించిన వెర్షన్లేనా అని అడగండి. పాత ప్రతి మీద సంతకం చేయించడం కూడా తరచుగా జరిగే పొరపాటే. లోపల రెండు ఫోన్ నంబర్లు ఉండాలి. ఒకటి ట్రయల్ డాక్టరుది, రెండోది ఎథిక్స్ కమిటీది. సమ్మతి పత్రంలో వాక్యం వాక్యానికీ ఎదురుగా చిన్న గడి ఉంటుంది. "వివరాలు చదివాను, ప్రశ్నలు అడిగే అవకాశం దొరికింది", "ఎప్పుడైనా మానుకోవచ్చు, అందువల్ల నా వైద్యానికి లోటు రాదు" వంటి వాక్యాలవి. ఆ గడుల్లో ఆవిడే పొడి అక్షరాలు వేయాలి. ఇంకొకరు వరసగా టిక్కులు కొట్టేస్తే ఒప్పుకోకండి. సంతకం పక్కన తేదీ కూడా ఆవిడ చేతిరాతతోనే ఉండాలి.

రక్తం "15 మి.లీ." అని రాసి ఉంటే అది మూడు టీస్పూన్లు. అన్నిసార్లదీ కలిపి ఎంతవుతుందో అడగండి. అంతా విన్నాక డాక్టరు ఆవిడనే తిరిగి చెప్పమనాలి: ఏ జబ్బుకు, ఎన్నాళ్లు, ఎన్నిసార్లు రావాలి, మానేయాలనిపిస్తే ఏం చేయాలి. నాలుగూ తన మాటల్లో చెప్పగలిగితే అప్పుడు సంతకం పెట్టవచ్చు. ఒక ప్రతి మీ చేతికి ఇవ్వాల్సిందే. ఇంతకుముందు మందుగా లేని పూర్తి కొత్త రసాయనంతో చేసే ట్రయల్‌లో, స్వేచ్ఛగా కాదనలేని బలహీన స్థితిలో ఉన్నవారిని చేర్చుకుంటే ఈ సంభాషణ మొత్తం ఆడియో, వీడియో తీయాలి. కెమెరా కనబడితే కంగారు పడనక్కర్లేదు, అది మీకు రక్షణే.

ఆదాయం, చదువు, వృత్తి, నామినీ గడులు నియమాల్లోని నమూనాలోనే ఉన్నాయి. వాటి కోసం బ్యాంకు ఖాతా పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ ఎవరూ అడగరు. అడిగితే అది ట్రయల్ కాదు.

ప్రశ్న: సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇస్తారట. అంటే మా నాన్నకు వైద్యం లేకుండా వదిలేస్తారా?
– గుణుపురం, రాయగడ నుంచి ఇద్దరు

జవాబు: ఏ మాత్ర ఎవరికన్నది కంప్యూటర్ జాబితా తేలుస్తుంది. చాలా ట్రయల్స్‌లో డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు. అయితే ఇప్పటికే మంచి మందు ఉన్న జబ్బుల్లో సాధారణంగా ఆ మందు అందరికీ ఇస్తూనే, దానిపైన కొత్త మాత్రో ఉత్తుత్తి మాత్రో చేరుస్తారు. "నాన్నగారి బీపీ, షుగరు మందులు కొనసాగుతాయా, ఆగుతాయా?" అనే ఒక్క ప్రశ్న సూటిగా అడగండి. ఆగుతాయంటే ఎన్నాళ్లో, ఆ రోజుల్లో ఎవరు కనిపెట్టి ఉంటారో రాతలో చూపించమనండి. ప్రాణం మీదికి వస్తే ఏ మాత్ర వేసుకున్నారో వెంటనే విప్పి చూసే ఏర్పాటు ఉండాలి.

ఉత్తుత్తి మందు ఎందుకో మన రాష్ట్రపు ఉదాహరణే చెబుతుంది. ఒడిశా పల్లెల్లో 4,556 మంది పసికందులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మేలుచేసే బ్యాక్టీరియాను ఏడు రోజులు పట్టారు, రెండో జట్టుకు ఖాళీ పొడి. 2017లో ఫలితం వచ్చింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకడమో, మరణమో ఖాళీ పొడి జట్టులో 9 శాతం, రెండో జట్టులో 5.4 శాతం. ఆ ఖాళీ జట్టు లేకపోతే ఈ తేడా మందు వల్లా, ఆ ఏడాది వాతావరణం వల్లా అన్నది ఎన్నటికీ తేలేది కాదు.

ప్రశ్న: రక్తం తీసుకుని, వారం తిప్పి, చివరికి "మీరు పనికిరారు" అన్నారు. ఎందుకు?
– బరంపురం

జవాబు: దాన్ని స్క్రీనింగ్ ఫెయిల్ అంటారు. వయసు, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె), వాడుతున్న మందులు – ప్రతిదానికీ ఒక హద్దు రాసి ఉంటుంది. ఒక్క అంకె దాటినా చేర్చుకోకూడదు, చేర్చుకుంటేనే తప్పు. కొందరి విషయంలో మాత్రం అంకె అనవసరంగా దాటుతుంది. రాత్రి బస్సులో నీళ్లు తాగకుండా వచ్చి పొద్దున్నే రక్తమిస్తే క్రియాటినిన్ పెరగవచ్చు. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో కొన్న నొప్పి మాత్ర కూడా అదే పని చేస్తుంది. పరగడుపు అంటే అన్నం, టీ మానడమే, మంచినీళ్లు తాగవచ్చు. నాటు మందు వాడుతుంటే దాచకండి. వాడుతున్న మందుల ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకు వెళ్లండి. పేర్లు చెప్పడంకన్నా అదే నమ్మకం. రిపోర్టుల నకళ్లు అడిగి తెచ్చుకోండి, మీ మామూలు వైద్యానికి పనికొస్తాయి.

ప్రశ్న: ఊళ్లోకి ఒకాయన వచ్చి ట్రయల్‌లో చేర్పిస్తాను, ఐదు వందలు ఇవ్వమంటున్నాడు. నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?
– జయపురం దగ్గరి పల్లె

జవాబు: రోగి దగ్గర డబ్బు పుచ్చుకుని చేర్పించే పద్ధతి లేదు. పంపించేయండి.

అసలుదో కాదో ఫోన్‌లోనే చూడవచ్చు. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో ట్రయల్స్‌ను సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి. 2018 ఏప్రిల్ 1 నుంచి అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు కావాలి. సమాచార పత్రం మీద సీటీఆర్‌ఐ అక్షరాల తర్వాత సంవత్సరం, నెల, ఒక నంబరు ఉంటాయి. లేకపోతే అడగండి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి మూడు చోట్ల చూడండి: ట్రయల్ జరిగే ఆసుపత్రుల జాబితాలో మీ ఆసుపత్రి పేరు ఉందా, దాని ఎథిక్స్ కమిటీ ఆమోదించినట్టు ఉందా, రోగులను చేర్చుకునే దశ ఇంకా తెరిచే ఉందా. ఇంగ్లీషులో ఉంటుంది, ఇంటర్ చదివే పిల్లలు చూసిపెట్టగలరు.

ప్రశ్న: రానుపోను ఖర్చులు ఇస్తారా? పండక్కి ఊరెళ్తే ఒక విజిట్ తప్పిపోతే?
– ఛత్రపురం

జవాబు: ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నంత ఇస్తారు. ఎంతో సమాచార పత్రంలోనే ఉంటుంది. బస్సు టిక్కెట్లు పారేయకండి. ఆటోకి టిక్కెట్ ఉండదు కాబట్టి వోచర్ మీద రాయించుకోండి. విజిట్ తేదీకి సాధారణంగా రెండు మూడు రోజులు అటూ ఇటూ వెసులుబాటు ఉంటుంది. ఠాకురాణి యాత్రకో సంక్రాంతికో ఊరెళ్లేది ముందే చెబితే దానికి తగ్గట్టు తేదీ వేస్తారు. మిగిలిన మాత్రలూ ఖాళీ స్ట్రిప్పులూ తిరిగి ఇవ్వాలి, లెక్కపెట్టి రాసుకుంటారు. రెండు రోజులు మరిచిపోతే మరిచిపోయానని చెప్పండి. తిట్టించుకోవడం ఇష్టంలేక మాత్రలు పారబోసి, వేసుకున్నానని చెబితే మీ ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరుకు తప్పుగా అర్థమవుతుంది.

ప్రశ్న: మందు వికటించి ఏదైనా జరిగితే దిక్కెవరు?
– నాలుగు ఉత్తరాలు

జవాబు: ట్రయల్‌లో ఉన్నవారికి ఏ హాని జరిగినా ఉచితంగా వైద్యం చేయాలి. అవసరమున్నన్నాళ్లు గానీ, ట్రయల్ వల్ల కాదని తేలేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకు. ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రమైన సంఘటనను డాక్టరు 24 గంటల్లో కేంద్ర ఔషధ అధికారికీ, ఎథిక్స్ కమిటీకీ, కంపెనీకీ తెలపాలి. ఇక్కడే మన వాళ్ల దగ్గర దారి తప్పుతుంది. రాత్రి ఆయాసం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని, ట్రయల్ డాక్టరుకు నెల తర్వాత చెబుతారు. అప్పటికి ఏ మందు ఏం చేసిందో తేల్చడం కష్టం. ట్రయల్ కార్డు పర్సులో ఉంచుకోండి. ఎక్కడ చూపించుకున్నా ముందు ఆ నంబరుకు ఫోన్ చేయించి, చీటీలు దాచుకోండి.

మరణం ట్రయల్ వల్లనే అని తేలితే పరిహారానికి లెక్క ఉంది: 8 లక్షలను వయసు అంకెతోనూ ప్రమాద అంకెతోనూ హెచ్చించి, 99.37తో భాగించాలి. నలభై ఏళ్ల మనిషికి వయసు అంకె 184.17. జబ్బు తీవ్రత మధ్యస్థమైతే ప్రమాద అంకె 2. అప్పుడు సుమారు 29.65 లక్షలు వస్తుంది. అరవై అయిదేళ్ల వారికి అదే లెక్కన 16 లక్షలు. ముప్పై రోజుల్లోపే చనిపోయే అవకాశం 90 శాతమో అంతకన్నా ఎక్కువో ఉన్న స్థితిలో చేరిన వారికి 2 లక్షలు. అధికారి ఆదేశం వచ్చిన 30 రోజుల్లో కంపెనీ చెల్లించాలి. జబ్బు ముదిరి సహజంగా పోతే ఇది వర్తించదు.

ఈ లెక్కలో రోగి ఆదాయం ఎక్కడా రాదు, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయవచ్చు. నామినీ గడి మాత్రం ఖాళీగా వదలకండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే, వరస ఏమవుతారో స్పష్టంగా రాయించండి.