గుర్రం బొమ్మ ఎప్పుడు చెరిగింది?

ప్రశ్న: చైనా లిపిలో గుర్రాన్ని తెలిపే అక్షరం మొదట్లో అచ్చంగా గుర్రం బొమ్మలాగే ఉండేదని చదివాను. నేటి మూడు గీతల రూపంలో ఆ పోలిక మచ్చుకైనా లేదు. అక్షరాల గీతలు తగ్గించిన 1956 నాటి చైనా లిపి సంస్కరణ వల్లనే అది పోయిందా?

జవాబు: ఆ నింద 1956 మీద మోపడం న్యాయం కాదు. పోలిక అంతకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందే పోయింది.

ఈ అక్షరపు అతి పాత రూపాలు నేటి అన్యాంగ్ దగ్గర, షాంగ్ రాజుల చివరి రాజధాని ఉన్నచోట, తాబేలు చిప్పల మీదా పశువుల ఎముకల మీదా చెక్కి దొరికాయి, అవి క్రీ.పూ. 1200 ప్రాంతానివి. వాటిలో పెద్ద కన్ను, మెడ వెంబడి జూలు, పక్కనుంచి కనిపించే రెండు కాళ్లు, కొస చీలిన తోక తేటగా తెలుస్తాయి. అయితే గుర్రం నేల మీద నిలబడి ఉండదు. తల పైకి, తోక కిందికి వచ్చేలా నిలువుగా తిప్పి గీశారు. సన్నని వెదురు బద్దల మీద పైనుంచి కిందికి రాసే అలవాటే ఇందుకు కారణం కావచ్చునని పలువురు పండితులు భావిస్తారు. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన ఛిన్ షి హువాంగ్ ప్రామాణికం చేయించిన ముద్రా లిపిలోనూ (వంపు గీతల పాత రాత) జూలునూ తోకనూ పోల్చుకోవచ్చు.

అసలు మార్పు తెచ్చినవారు ప్రభుత్వ లేఖకులు. ఛిన్ వంశం, దాని తర్వాత వచ్చిన హాన్ వంశం ఏలిన కాలాలలో దస్తావేజులు పెరిగి, కుంచెతో వేగంగా రాయవలసి రావడంతో, వారు వంపు గీతలను విరిచి అడ్డగీతలుగా, నిలువు గీతలుగా, చుక్కలుగా మార్చారు. జూలు అడ్డగీతలలో కలిసిపోయింది. కాళ్లూ తోక కొసా నాలుగు చుక్కలయ్యాయి. ఆ చుక్కలు నాలుగు కాళ్లేనని పిల్లలకు చెప్పడం గుర్తుంచుకోవడానికి బాగానే ఉంటుంది గాని, పాత బొమ్మలో ఉన్నవి రెండు కాళ్లే. పైగా చేప అక్షరంలో తోకా, 'వేడి' అక్షరం అడుగున నిప్పూ ఇవే నాలుగు చుక్కలుగా మారాయి.

ఇలా స్థిరపడిన పది గీతల రూపాన్నే తైవాన్, హాంకాంగ్, జపాన్‌లలో నేటికీ రాస్తారు. చైనా ప్రధాన భూభాగంలో చెలామణిలో ఉన్న మూడు గీతల రూపం కూడా సంస్కర్తలు కొత్తగా కల్పించినది కాదు. గొలుసుకట్టు రాతలో నాలుగు చుక్కలను ఒకే అడ్డగీతగా లాగేసే పాత అలవాటునే వారు అచ్చుకు అనువుగా దిద్దారు.