చికెన్ ముక్క కింద బాక్టీరియా ఎందుకు మెరవట్లేదంటే

ప్లేటులో నీలి ఎల్‌ఈడీ కింద చక్కగా మెరిసిన మీ ఈ.కోలై నిస్లే (కాంతి పడితే కణితిలో మందు వదిలేలా మీరు మారుస్తున్న, హాని చేయని పేగు బాక్టీరియా), పైన ఒంటి కండకు బదులుగా చికెన్ ముక్క పెట్టగానే ఆగిపోయిందన్నారు కదండీ, తప్పు ప్లాస్మిడ్‌ది (మీరు బాక్టీరియాలో పెట్టిన డీఎన్‌ఏ వలయం) కాదు. అందులో జన్యువుని కాంతితో ఆన్ చేసే పీడాన్ (pDawn) స్విచ్‌కి కావాల్సింది 470 నానోమీటర్ల నీలికాంతి, అది కండలో ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయేసరికే నీరసపడిపోతుంది. పవర్ పెంచి లాభం లేదు, మాంసం వేడెక్కుతుందంతే! ఇటర్బియం, థూలియం అనే లోహాలు కలిపిన అప్‌కన్వర్షన్ నానోకణాలను బాక్టీరియాతో కలిపి పెట్టి 980 నానోమీటర్ల లేజర్ వేయండి, లోతుకెళ్లే పరారుణ కాంతిని అవి అక్కడికక్కడే నీలిగా మారుస్తాయి. కాకపోతే 980ని నీరు కూడా పీల్చుకుంటుంది, అందుకని లేజర్‌ని ఆపి ఆపి వేస్తూ ఉష్ణోగ్రత చూసుకోండి. నానోకణాలు లేకుండా లేజర్ మాత్రమే పడే ట్యూబు ఒకటి తప్పనిసరి. లేదంటే రేపు ఎలుకలో కణితి తగ్గినా, తగ్గించింది బాక్టీరియా వదిలిన మందా, ఉత్త వేడా అని గైడ్ అడిగితే నోరెళ్లబెట్టాలి.