వైజాగ్‌లో ఒక్కరోజు: దాక్కునేదాన్ని ముందు చూడండి, వెతికేదాన్ని తర్వాత

మీరడిగింది: హైదరాబాద్ నుంచి వస్తున్నారు, ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు. సబ్‌మెరైన్‌తో పాటు నేవీ మ్యూజియాలన్నీ ఒక్కరోజులో అవుతాయా, ఏ వరసలో చూడాలి అని.

అవుతాయి. అన్నీ బీచ్ రోడ్డు మీదే. సోమవారం మాత్రం పెట్టుకోకండి, మీరడిగిన సబ్‌మెరైన్ కుర్సురాకీ దానికెదురుగా ఉన్న టీయూ-142 విమానానికీ ఆ రోజు సెలవు. ఆదివారం పొద్దున కూడా తెరుస్తారు గానీ లైను చూస్తే వెనక్కి వెళ్లిపోవాలనిపిస్తుంది. మిగతా రోజుల్లో కుర్సురా మధ్యాహ్నం 2 గంటలకు తెరుచుకుంటుంది (వేళలు మారుస్తుంటారు, ముందురోజు కనుక్కోండి). కాబట్టి పొద్దున విశాఖ మ్యూజియం చూసి, భోంచేసి, రెండింటికల్లా కుర్సురా గేటు దగ్గరుండండి.

విశాఖ మ్యూజియం పాత డచ్ బంగళాలో ఉంది. గంట చాలు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద బాంబులు వేసినప్పుడు పేలకుండా మిగిలిన 250 పౌండ్ల బాంబు అక్కడుంది. బాబుకి అది చూపించకుండా రాకండి.

ఇక అసలు సంగతి కుర్సురా. సోవియట్ యూనియన్‌లో కట్టింది, 1969 డిసెంబర్‌లో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరయింది. పొడవు 91 మీటర్లు, అందులో 75 మంది కాపురం. చాలామంది పెరిస్కోపు దగ్గర ఫొటో దిగి పది నిమిషాల్లో అటునుంచి బయటపడతారు. టికెట్ డబ్బులు దండగ.

పిల్లలకి ముందే ఒక్క ముక్క చెప్పి తీసుకెళ్లండి: డీజిల్ ఇంజనుకి గాలి కావాలి, నీళ్ల కింద గాలి ఉండదు. అందుకని పైకి తేలినప్పుడు డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకుంటుంది, మునిగాక ఆ కరెంటుతో మోటార్లు తిప్పుకుంటుంది. ఇది తెలిస్తే లోపల ప్రతి గదికీ అర్థం ఉంటుంది. బ్యాటరీలు కనబడవు, మనుషులు పడుకునే గదుల నేల కింద ఉంటాయి. వెనక వైపు ఇంజన్ల గదిలో మూడు డీజిల్ ఇంజన్లు, దాన్ని ఆనుకునే మోటార్ల గది. టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి పేలే ఆయుధాలు) వదిలే గొట్టాలు పది: ముందు ఆరు, వెనక నాలుగు. లెక్కపెట్టే పని పాపకి అప్పజెప్పండి, విసుగెత్తదు. గైడ్లుగా ఉండేది రిటైరైన నేవీ వాళ్లు. వాళ్లంతట వాళ్లు చెప్పేది కొంచెమే, అడిగితే మాత్రం బోలెడు చెబుతారు.

గదికీ గదికీ మధ్య ద్వారాలు ఇరుకు, గడప ఎత్తు. ముందు ఒక కాలు అవతల పెట్టి, తర్వాత తల వంచి భుజం దాటించి, ఆఖర్న రెండో కాలు తీసుకోవాలి. తల ముందు దూర్చి తర్వాత కాలెత్తితే పై ఇనుము నెత్తికి తగులుతుంది. జారే చెప్పులు వద్దు, వీపున బ్యాగు వద్దు. అమ్మగారిని లోపలికి తీసుకెళ్లకండి. మెట్లెక్కి ఒక చివర దూరితే రెండో చివరే దిగాలి, వెనక జనం ఉంటారు కాబట్టి మధ్యలో తిరిగి రావడం కుదరదు. ఇరుకంటే భయపడేవాళ్లకీ అదే మాట.

తర్వాత రోడ్డు దాటి టీయూ-142. చాలామంది దీన్ని ముందు చూసేస్తారు. నా మాట విని తర్వాతే చూడండి, ఎందుకంటే ఇది సబ్‌మెరైన్లను వేటాడే విమానం. బ్యాటరీ నింపుకోడానికి పైకి రావాల్సిందే కదా, దొరికిపోయేది అప్పుడే. నీళ్లలో ఉన్నా వదలదు: శబ్దం వినే పరికరాలను సముద్రంలోకి జారవిడుస్తుంది, వాటినే సోనోబాయ్‌లంటారు. అవి మ్యూజియంలో ఉన్నాయి. రెక్కల కొస నుంచి కొసకి దాదాపు 50 మీటర్లు. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటిగా రెండు ఫ్యాన్లు, ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ఇది కింద నిలబడి చూసినా బాగా తెలుస్తుంది, అమ్మగారికి ఇబ్బంది లేదు. 2017 మార్చి దాకా నేవీలో ఎగిరాయి ఇవి.

ఎండ తగ్గాక దగ్గర్లోని విక్టరీ ఎట్ సీ స్మారకం, 1971 పాకిస్తాన్ యుద్ధానికి గుర్తుగా కట్టింది. అక్కడ బాబు "ఘాజీని ముంచింది కుర్సురాయేనా?" అని అడగడం ఖాయం. కాదు. 1971 డిసెంబర్ 3 రాత్రి దాటాక ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగింది వైజాగ్ తీరంలో, ఆ యుద్ధంలో కుర్సురా ఉన్నది అరేబియా సముద్రం వైపు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోపల పేలే బాంబుల) వల్లే మునిగిందని మన నేవీ అంటుంది, లోపలి పేలుడో, అది సముద్రంలో పెట్టిన మందుపాతరే (మైన్) దానికి తగిలిందో అని పాకిస్తాన్ అంటుంది.

సీ హారియర్ అనే నేవీ యుద్ధవిమానం మ్యూజియం కూడా ఈ రోడ్డు మీదే, ఓపికుంటేనే. పిల్లల్ని ఇసుకలో ఆడించండి గానీ అలల్లోకి దింపకండి. అక్కడ కెరటం వెనక్కి లాగే పట్టు ఎక్కువ, మోకాలి లోతులో కూడా కాళ్ల కింద ఇసుక జారిపోతుంది.