మొల్లా? మోక్షా?

సందేహం: మాకు మనవరాలు పుట్టింది. పుబ్బ నక్షత్రం, మొదటి పాదం. 'మొ' గాని 'మో' గాని మొదట వచ్చేలా పేరు పెట్టమన్నారు. కొడుకూ కోడలూ పేరు రెండక్షరాలకు మించకూడదని పట్టుబట్టారు. కోడలు ఫోనులో వెతికి 'మోక్ష' అని ఖాయం చేసింది. మావారు 'మొల్ల' అంటున్నారు. బళ్ళో పిల్లలు 'మొల' అని ఏడిపిస్తారని కోడలు ఒప్పుకోవడం లేదు. ఆడపిల్లకు రెండక్షరాల పేరు పెట్టవచ్చా? మొల్ల అంటే మల్లేనా, వేరేనా? మోక్ష ఆడపేరు అవుతుందా? బారసాల దగ్గర పడింది, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. త్వరగా చెప్పగలరు.
– ఒక నాయనమ్మ

సమాధానం: నాయనమ్మగారూ, ముందు ఆ బారసాల సంగతి చూడండి. అది 'బాలసారె'. జనం నోట్లో ల, ర తారుమారై బారసాల అయింది. శతాబ్దాలుగా పిల్లలకు పేర్లు పెడుతున్న పండగ తన పేరునే తప్పుగా పలికించుకుంటూ హాయిగా బతుకుతోంది. కనుక టెన్షన్ వద్దు. మూడు ప్రశ్నలు అడిగారు. మొదటిదీ మూడోదీ అందరూ అడిగేవే. రెండోది మాత్రం ఎవరైనా అడిగితే బాగుండునని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను.

రెండక్షరాల మాట. శాస్త్రం అడిగితే మీ కొడుకూ కోడలూ ఓడిపోతారు. ఇంట్లో జరిగే సంస్కారాల విధులు చెప్పే ఆశ్వలాయన గృహ్యసూత్రం మగపిల్లలకు సరిసంఖ్య అక్షరాలు, ఆడపిల్లలకు బేసిసంఖ్య అక్షరాలు ఉండాలంది: 'అయుజాని స్త్రీణామ్'. అలాంటి సూత్రమే రాసిన పారస్కరుడిదీ అదే మాట. అంటే మూడు, లేదా అయిదు. మరి సీత? రాధ, ఉమ, గంగ, గౌరి, లక్ష్మి, దుర్గ? సూత్రం పుస్తకంలోనే ఉండిపోయింది, అమ్మలు పిల్లల్ని రెండక్షరాలతో పిలుస్తూనే ఉన్నారు. ఆడపిల్ల పేరు దీర్ఘంతో ముగియాలని మనువు అన్నాడు. తెలుగు దాన్నీ లెక్కచేయలేదు. సీతా వచ్చి సీత అయింది, గౌరీ వచ్చి గౌరి అయింది. ఆ మనువే ఇంకోచోట నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు ఉన్న పిల్లల్ని పెళ్ళాడవద్దన్నాడు. ఆ మాట పాటించి ఉంటే మన రోహిణులు, తులసులు, గోదావరులు పుట్టిళ్ళలోనే ఉండిపోయేవారు. అయితే పేరు సులువుగా పలకాలని, అర్థం విస్పష్టంగా ఉండాలని, మనసుకు ఇంపుగా ఉండాలని కూడా ఆయనే చెప్పాడు. నేను పట్టుకునేది ఆ ఒక్క మాటనే.

చిన్న పేరు కొత్త ఫ్యాషన్ అనుకునేవారికి ఒక సంగతి. మా చిన్నప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళకు రెండక్షరాల పేర్లు కొల్లలు: ఎల్లి, మల్లి, గంగి, సుబ్బి. అయితే అవి పెట్టిన పేర్లు కావు. ఎల్లమ్మను ఎల్లి అన్నది పాలేరు పెళ్ళాం గనుక. ఆసామి భార్య ఎల్లమ్మగానే ఉండేది. 'అమ్మ' తీసేస్తే పేరు పొట్టిదయ్యేది, మనిషీ పొట్టిదయ్యేది. ఆ లెక్కలో పెద్దపేరు దక్కకపోయినా గెలిచినది పోలి ఒక్కతే. కార్తీకం వెళ్ళిన మర్నాడు పాడ్యమినాడు ఆడవాళ్ళు దీపాలు వదిలేది ఆవిడ కోసమే. అత్తగారు కాదు, తోడికోడళ్ళు కాదు, స్వర్గానికి వెళ్ళింది పోలి. ఇప్పుడు మోజు తిరగబడి కలిగినవాళ్ళే రెండక్షరాలు కోరుతున్నారు. మంచిదే.

ఇక మొల్ల. మొల్ల మల్లె కాదమ్మా. రెండూ ఒక ఇంటివే కాని ఒకే పువ్వు కాదు. మల్లె ఎండాకాలపుది. నిఘంటువులు మొల్లకు కుందం అని అర్థమిస్తాయి. కుందం చలికాలపు పువ్వు, అందుకే అమరకోశంలో దానికి మాఘ్యం అని ఇంకో పేరుంది. వాసనలో మల్లెదే పైచేయి, తెల్లదనంలో మొల్లది. పలువరుస బాగున్న అమ్మాయిని సంస్కృత కవి కుందరదన అంటాడు, తెలుగు కవికి అవి మొల్లమొగ్గలు. మల్లె సంస్కృత మల్లిక నుంచి వచ్చిందా, మల్లికే దక్షిణాది నుంచి అటు వెళ్ళిందా అన్న తగాదా వేరే ఉంది, ఇవాళ దాని జోలికి పోను. మొల్ల మీద ఆ తగాదా లేదు. అది నిక్కమైన దక్షిణాది మాట. కన్నడంలో మొల్లె, మలయాళంలో ముల్ల, తమిళంలో ముల్లై.

తమిళంలో ము, మనకు మొ ఎందుకయింది? ఇది ఒక్క మాట వ్యవహారం కాదు. అక్కడ పుగై, ఇక్కడ పొగ. అక్కడ కుడై, ఇక్కడ గొడుగు. అక్కడ ఉడల్, ఇక్కడ ఒడలు. అక్కడ ముళై, ఇక్కడ మొలక. రెండో అక్షరంలో అ గాని ఐ గాని ఉన్నచోట అక్కడి ఉకారం మన దగ్గర ఒకారంగా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు భాషల మధ్య ఇంత నియమంగా తేడా ఉందంటే అది అరువు సరుకు కాదు, అన్నదమ్ముల పంపకం. మీ మనవరాలికి ఈ పేరు పెడితే ఆ పంపకంలో మన వాటాకొచ్చిన ముక్క ఆమె నెత్తిన ఉంటుంది. మొలచు నుంచి మొల్ల వచ్చిందని చెప్పే పెద్దలు తగలవచ్చు, నమ్మకండి. తమిళ ముళైలో ఉన్నది ళ, ముల్లైలో ఉన్నది ల. వేర్లు వేరు. మీ కోడలు భయపడుతున్న మొల కూడా వేరే మాటే. మొల్లము అంటే విస్తారం, అదీ వేరే.

తమిళంలో అతి పాత పాటలు కట్టిన సంగకవులు నేలను అయిదు తీరులుగా పంచి, అడవీ పచ్చికబయళ్ళూ ఉన్న భాగానికి ముల్లై అని ఈ పువ్వు పేరే పెట్టారు. ఊరు వెళ్ళిన మగడి కోసం ఓర్పుతో ఎదురుచూసే ఇల్లాలి పాటలన్నీ ఆ నేలవే. పారి అని ఒక చిన్న కొండరాజు ఉండేవాడట. దారిలో పాకడానికి ఆధారం లేక గాలికి ఊగుతున్న ముల్లై తీగె కనిపిస్తే తన రథాన్నే దానికి పందిరిగా వదిలేసి నడిచి వెళ్ళాడని ఆ పాత పాటల్లో చెప్పుకున్నారు. నేను ఈ కథ ఎక్కడ అవకాశం దొరికినా చెబుతాను, మా ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మీరు ఉత్తరం రాశారు గనుక వినక తప్పదు.

మీవారు మొల్ల అన్నారంటే ఆయన మనసులో పువ్వుకంటే కవయిత్రే ఉండి ఉంటుంది. రామాయణం రాసిన మొల్ల. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది, చూసే ఉంటారు. తండ్రి ఆతుకూరి కేసన, శివభక్తుడు. తర్వాతివాళ్ళు గౌరవానికి మొల్లమాంబ అని తోక తగిలించారు గాని ఆమె తన పేరు ఒట్టి మొల్ల అనే చెప్పుకుంది. గోపవరంలో శ్రీకంఠ మల్లేశుడి వరం వల్ల కవిత్వం అబ్బిందని రాసుకుంది. మల్లేశుడి భక్తుడు కూతురికి మొల్ల అని పేరు పెట్టాడంటే, ఆ పువ్వు దేవుడి పూలసజ్జలోంచే వచ్చిందని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ, రుజువు అడగకండి.

నాకు సంధులు రావు, సమాసాలు రావు, శయ్యలు రావు, పాకాలు రావు అని ఆవిడ పద్యంలో ఏకరువు పెట్టింది. ఏమీ రానివాళ్ళకు ఆ జాబితా ఎలా వచ్చిందో! ఇంకో పద్యంలో చెప్పినదే మనకు కావలసింది. తేనె తగిలితే చాలు నోరు తియ్యనవుతుంది, కావ్యంలో అర్థం అలా తోచాలి. గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగవాడూ చెవిటివాడూ ముచ్చటాడుకున్నట్టు ఉంటుంది. కావ్యం అన్నచోట పేరు అని పెట్టుకోండి. మనువు 'విస్పష్టార్థం' అన్నదీ, మొల్ల తేనె అన్నదీ ఒకటే.

ఈ కాలపు పేర్లు ఆ తేనె పరీక్షకు నిలవవు. ఫోనులో పేర్ల జాబితా వండేవాళ్ళు ప్రతి పేరుకూ 'దేవత', 'వెలుగు', 'ప్రత్యేకమైనది' అని మూడు అర్థాల్లో ఒకటి అతికిస్తారు. శ్రియ అని ఈమధ్య ఇంటికొకరు. సంస్కృతంలో శ్రియా అంటే 'శ్రీ చేత'. తృతీయా విభక్తి. పిల్లను పిలిచిన ప్రతిసారీ 'లక్ష్మి చేత' అని వాక్యం మధ్యలో ఆపేసినట్టే. ఇర అని మరొకటి. అమరకోశం ఇరా శబ్దానికి భూమి, వాక్కు, సుర, నీళ్ళు అని నాలుగు అర్థాలిచ్చింది. జాబితావాళ్ళు సురను మాత్రం అటక మీద దాచారు. హేల అంటే శృంగార విలాసం ఒకటి, తృణీకారం ఇంకొకటి. ఆ పేర్లున్న పిల్లలు నా మనవరాళ్ళ స్నేహితుల్లోనూ ఉన్నారు, బంగారుతల్లులు, వాళ్ళ తప్పేం లేదు. పేరు పెట్టేముందు నిఘంటువు తెరవడానికి అయిదు నిమిషాలు చాలదా అన్నదే నా గొడవ.

మోక్ష కూడా ఆ దొంతరలోదే. సంస్కృతంలో మోక్షః పుంలింగం. తెలుగులోకి వచ్చి మోక్షం అయింది. చివరి సున్నా కొట్టేసినంత మాత్రాన స్త్రీలింగం కాదు. వ్యాకరణం సంగతి అలా ఉంచినా, మోక్షం అంటే మళ్ళీ పుట్టుక లేకపోవడం. పుట్టి మూడు వారాలు కాని పిల్లను ఊయలలో వేసి ఆ మాటతో పిలవడం నాకు మింగుడుపడదు. అయితే తప్పు అని కొట్టేయను. పేర్ల లింగాన్ని చివరకు తేల్చేది వాడుక, సూత్రాలు కావు. ఇంకో పాతికేళ్ళకు మోక్ష అనగానే జడ వేసుకున్న పిల్ల కళ్ళముందు మెదిలితే, అప్పుడు అది ఆడపేరే. ఇప్పటికే సగం దూరం వచ్చేసింది.

నక్షత్రానికి సరిపోయే పేరు చెవిలో చెప్పుకుని, పిలుపు పేరు వేరే పెట్టుకోవడం మన ఇళ్ళలో ఉన్నదే. అలా చేస్తే 'మొ' పట్టింపు కూడా పోతుంది. మొదటి పాదంలో పుట్టింది గనుక మొ, మో దగ్గర ఉన్నారు, అంతవరకు అదృష్టవంతులు. పుబ్బ తక్కిన మూడు పాదాలూ ట, టి, టు.

మొల్ల పెట్టమని మాత్రం నేను తీర్పు ఇవ్వను. నాకు ఇష్టం, అది దాచలేను. కాని రోజుకు వందసార్లు పిలవవలసింది మీ కోడలు. ఆమె నోటికి ఇంపు కాని పేరు ఎంత అందమైన ధాతువు నుంచి పుట్టినా రేపటినుంచి 'పాపా', 'చిన్నూ' అయిపోతుంది. ఆమెను కూర్చోబెట్టి పారి కథ ఒకసారి చెప్పి చూడండి. లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోనివ్వండి.

ఇంకొక్కటి. ఒప్పుకుంటే గనక బారసాలనాడు బియ్యంలో ఉంగరంతో రాసేటప్పుడు ల కింద ఒత్తు లోతుగా గీయండి. మీ ఉత్తరం రెండో పేజీలో ఒకచోట ఒత్తు ఎగిరిపోయి 'మొల' అని పడింది. మీ కోడలి భయం ఊరికే కాదు.