మడత విప్పని గౌన్లు

ప్రశ్న: నా వయసు 61. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఎనిమిదో ఏట నుంచే లేసు అల్లాను. పెళ్లయ్యాక మిషన్ నేర్చుకుని మా పిల్లలిద్దరికీ ఇంటర్ దాకా బట్టలన్నీ నేనే కుట్టాను. కోడలు నీళ్లోసుకుందని తెలిసిన దగ్గర్నుంచి ఆరు నెలలు వేరే ధ్యాస లేకుండా కూర్చున్నాను. జుబ్బాలు, ఊలు స్వెటర్లు, కుళ్లాయిలు, మేజోళ్లు, లేసు వేసిన గౌన్లు, మా అమ్మ పాత చీరలతో ఒక బొంత, మొత్తం 14. లేసు సూదితో మా ఇంటి బిడ్డ కోసం అల్లడం నాకు అదే మొదలు. కిందటేడు మే నెలలో డల్లాస్‌లో మనవరాలు పుట్టింది. పురిటికి వియ్యపురాలు వెళ్లింది. నేను ఆగస్టులో వెళ్లాను. అప్పటిదాకా రోజూ వీడియో కాల్‌లో 'పాపకి ఏం వేశారు?' అని అడుగుతూనే ఉన్నాను. వెళ్లి చూస్తే అన్నీ అల్మారా పైఅరలో, అట్టపెట్టెలో ఉన్నాయి. నేను వేసిన మడత కూడా విప్పలేదు. కోడల్ని అడిగితే 'జాగ్రత్తగా దాచాను అత్తయ్యా' అంది. నేను ఇంకేం మాట్లాడలేదు. తిరిగొచ్చాక మిషన్ మీద గుడ్డ కప్పేశాను, తొమ్మిది నెలలైంది. ఇప్పుడు కోడలికి మళ్లీ ఏడో నెల, జనవరిలో పురుడు. 'ఈసారి ఏమీ కుట్టకమ్మా, ఇక్కడ అన్నీ దొరుకుతాయి' అన్నాడు మా అబ్బాయి. ముక్కూ మొహం తెలియని దొరల టేబుళ్ల మీద నా లేసు ఉంటుంది, నా మనవరాలి ఒంటి మీద లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, కుడిచేయి తిమ్మిరెక్కుతోంది. మిషన్ అమ్మేయమని మా ఆయన అంటున్నారు. అమ్మేయనా?

జవాబు: అక్కగారూ, అమ్మకండి. ముందు ఆ మాట చెప్పేసి, తర్వాత మిగతా సంగతులు మాట్లాడుకుందాం.

దొరల టేబుళ్ల గురించి మీరు రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ల నోట మాత్రమే వచ్చే మాట అది. 1844 ప్రాంతంలో మిషనరీలు నేర్పిన పని, 1899 కరువునీ 1929 నాటి ఆర్థిక మాంద్యాన్నీ దాటుకుని నిలబడింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పనే అన్న అధికారిక ముద్ర కూడా వచ్చింది. పేపర్లో చూసి సంతోషించాం. కానీ అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లి ఏజెంటు చేతిలో పెట్టే మనిషికి ఆ పువ్వు ఏ ఊరు వెళ్లిందో, ఎవరి ఇంట్లో ఉందో ఎప్పుడూ తెలియదు. చేసినదానికి ఇంత అని లెక్క కట్టి చేతిలో పెడతారు, అంతే. చిన్నతనం నుంచి అలా చేసిన చెయ్యి మొదటిసారి తన ఇంటి బిడ్డ కోసం లేసు అల్లింది. అందుకే ఆ అట్టపెట్టె మిమ్మల్ని ఇంతగా బాధపెట్టింది. 'బట్టలకోసం ఇంత గొడవేంటి' అని ఎవరైనా అంటే వాళ్లకి విషయం తెలియదనే అనుకోండి.

ఇప్పుడు మీ కోడలి వైపు నుంచి చూద్దాం. ఆవిడ మనసులో ఏముందో నేను చెప్పలేను, ఆవిడతో నేను మాట్లాడలేదు కదా. కానీ మీ ఉత్తరంలోనే కొన్ని సమాధానాలు ఉన్నాయి, మీరు గమనించలేదు.

పాప పుట్టింది మే నెలలో, డల్లాస్‌లో. అక్కడ జూన్, జూలై, ఆగస్టు ఎండలు మన వేసవి ఎండల్లాంటివే. అప్పుడే పుట్టిన పిల్లకి ఊలు స్వెటరు వేసే వాతావరణం కాదు. చలి మొదలయ్యేది నవంబరులో. అప్పటికి పాపకి ఆరు నెలలు. మీరు అల్లిన కొలత అప్పుడే పుట్టిన బిడ్డది. ఆ స్వెటర్లు వేసుకునే రోజే ఆ పిల్లకి రాలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఇక బొంత. అమెరికాలో పిల్లల డాక్టర్లు తల్లిదండ్రులకి గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఏడాది నిండేదాకా పాపని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఉయ్యాల మంచంలో దుప్పటి, దిండు, బొంత, బొమ్మ ఏదీ పెట్టకూడదు. మెత్తటి గుడ్డ ముఖం మీదకి వస్తే ఊపిరాడదని భయం. కుళ్లాయి పెట్టి నిద్రపుచ్చడం కూడా వద్దంటారు, ఒళ్లు వేడెక్కుతుందని. మన దగ్గర పురిటి బిడ్డకి కుళ్లాయి తీస్తే పెద్దవాళ్లు ఊరుకోరు, అక్కడ పెడితే డాక్టరు ఊరుకోడు. మధ్యలో నలిగేది ఆ పిల్ల తల్లి. లేసు సంగతి మీకు నేను చెప్పాలా? రంధ్రాలు పెద్దగా ఉన్న అల్లికలో పసిపిల్లల వేళ్లు దూరి ఇరుక్కుంటాయి.

ఇవన్నీ ఆవిడ మీకు చెప్పి ఉండాల్సింది. 'అత్తయ్యా, బొంత మంచంలో వేయొద్దన్నారు, పాప మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి పడుకోబెడతాను' అని ఒక్క మాట అంటే మీకు ఈ కష్టం ఉండేది కాదు. చెప్పకపోవడం ఆవిడ లోపమే, ఆ మాట దాచను. కానీ ఎందుకు చెప్పలేదో కూడా ఆలోచించండి. ఆరు నెలలు కష్టపడి కుట్టిన అత్తగారితో 'ఇవి పనికిరావు' అనడానికి ఏ కోడలికి నోరొస్తుంది? అందులోనూ మీరు రోజూ ఫోన్లో 'పాపకి ఏం వేశారు?' అని అడిగేవారు. మీరు ముద్దుగానే అడిగారు, నాకు తెలుసు. నిద్రలేక, పాలు పడుతున్నాయో లేదో అని టెన్షన్ పడుతున్న పచ్చి బాలింతకి ఆ ప్రశ్న ముద్దుగా వినిపించదు. తనిఖీలా వినిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని సమర్థించలేను.

'జాగ్రత్తగా దాచాను' అన్న మాటని మీరు సాకు అనుకున్నారు. మీ పెళ్లి పట్టుచీర ఎన్నిసార్లు కట్టారు అక్కగారూ? పాత మల్లు గుడ్డలో చుట్టి, వేపాకు వేసి, బీరువా పైఅరలో పెట్టి ఉంటారు. పైఅరలో ఏం పెడతామో మీకు తెలియనిది కాదు. మడత విప్పలేదని రాశారు. అంటే మీరు వేసిన మడత మీదే, నలగకుండా, వాళ్ల ఇంట్లో ఒక అర ఖాళీ చేసి పెట్టింది. నేను మరీ మంచిగా అర్థం చేసుకుంటున్నానేమో. అయినా ఇలా కూడా అయ్యుండొచ్చు అన్న ఆలోచన మీకు ఒక్కసారి రావాలి.

నా సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ నాకు పరికిణీ కుట్టేటప్పుడు నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి టక్కు వేసేది. ఏడాదికి ఒక టక్కు విప్పి పొడవు పెంచేది. విప్పిన చోట గుడ్డ ఎండ తగలక, ఉతుకు తగలక ముదురు రంగులో ఉండేది. మిగతా పరికిణీ వెలిసిపోయి ఉండేది. అడుగున చుట్టూ ఆ ముదురు చార. రెండేళ్లకి రెండు చారలు. క్లాసులో పిల్లలు ఆ చారలు లెక్కపెట్టి నవ్వేవాళ్లు. నేను ఇంట్లో ఏం చెప్పలేదు. బడికి వెళ్తూ పరికిణీ కిందికి జార్చి కట్టుకునేదాన్ని, చార మట్టిలో కలిసిపోతుందని. అంచు చిరిగేది, అమ్మ రాత్రి కూర్చుని రఫూ చేసేది. 'అంచెలా చిరుగుతోందే?' అని అడిగేది గానీ 'నీకు ఈ పరికిణీ ఇష్టమేనా?' అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరం ఎనిమిదేళ్లు అలాగే గడిపాం. అమ్మ పోయాక పెట్టెలో ఒక పరికిణీ దొరికింది, మూడు చారలతో. దాన్ని నేను ఎవరికీ ఇవ్వను.

అందుకే అంటున్నాను, మీరు అడగలేదు. ఊళ్లో ఎవరైనా జాకెట్టు కుట్టమని వస్తే టేపు తీయకముందే ఎన్ని అడుగుతారు? మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడవు, హుక్కులు ముందా వెనకా, లైనింగు వేయాలా. కోడల్ని మాత్రం ఒక్కటీ అడగలేదు. సంబరపడుతుందని మీ అంతట మీరే కుట్టారు. కుట్టేది మీరు, ఉతికేది ఆవిడ, తొడిగేది ఆవిడ, డాక్టరుకి సమాధానం చెప్పేది ఆవిడ.

ఇప్పుడు చేయాల్సింది. అబ్బాయి ద్వారా కబురు పెట్టకండి. మగపిల్లలు ఇలాంటి మాటల్ని సగం మింగి సగం చెబుతారు. ఆదివారం అందరూ ఉండే వీడియో కాల్‌లో కూడా వద్దు. కోడలికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి, తీరిక దొరికినప్పుడు వింటుంది. నాకు తోచిన మాటలు ఇవి, మీ యాసలో మార్చుకోండి:

'అమ్మాయ్, పాప బట్టలు పెట్టెలో చూసినప్పుడు నాకు కష్టమేసింది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పకుండా ముడుచుకుపోయాను. ఊలు స్వెటర్లు మే నెల పిల్లకి పనికిరావని నాకు ఇప్పుడు తెలిసింది. నిన్ను అడగకుండా కుట్టాను, అది నా తొందర. ఇప్పుడు అడుగుతున్నాను. పాపకి గానీ, పుట్టబోయే బిడ్డకి గానీ నేను ఏదైనా కుడితే నీకు ఇష్టమేనా? ఏం కావాలో నువ్వే చెప్పు. వద్దంటే కూడా నేనేమీ అనుకోను.'

చివరి వాక్యం మనసులో నిజంగా ఉంటేనే చెప్పండి. లేకపోతే అది తీసేసి మిగతాది పంపండి. 'మీ అమ్మ కొన్నవి మాత్రం వేశావు' అన్న మాట నాలుక చివర ఉంటుంది, దాన్ని బయటికి రానివ్వకండి. ఆ ఒక్క మాటతో మిగతా అంతా నీళ్లపాలవుతుంది. మెసేజ్ పెట్టాక జవాబు కోసం రెండు రోజులు ఫోను పట్టుకు కూర్చోకండి. ఏడో నెల మనిషి, పైగా ఇంట్లో నడిచే పిల్ల.

ఇంకొక సంగతి. ఈసారి పురుడు జనవరిలో అని రాశారు. డల్లాస్‌లో అది చలికాలం. ఆ పెట్టెలో ఉన్న స్వెటర్లకి ఇప్పుడు రోజులొచ్చాయి. మీరు మాత్రం గుర్తు చేయకండి. ఆవిడే పెట్టె దించి 'అత్తయ్యా, ఇవి ఇప్పుడు సరిపోతాయా?' అని అడిగితే, మేజోళ్లూ స్వెటర్లూ లోపలి వైపు తిప్పి చూడమనండి. లోపల వదిలేసిన ఊలు పోగు, దారం కొస ఉంటే పసివేళ్లకి చుట్టుకుని బిగుసుకుపోతుంది, వేలు వాస్తుంది. పొట్టిగా కత్తిరించి ముడి లోపలికి కుట్టేయాలి. వీడియో కాల్‌లో మీరు చెబుతూ ఆవిడ చేయొచ్చు. నిజమైన ఊలు అయితే వేడినీళ్ల మిషన్‌లో వేయొద్దని చెప్పండి, ముద్దగా బిగుసుకుపోతుంది.

మనవరాలికి కుట్టమంటే ఒక్క గౌను కుట్టండి. 14 వద్దు. ఇప్పుడు వేసుకుంటున్న గౌను ఒకటి నేల మీద పరిచి, టేపు పెట్టి ఫొటో పంపమనండి. ఛాతీ, పొడవు, చంక చుట్టు, మెడ. రంగు కూడా ఆవిడనే చెప్పమనండి. కాటన్ తెచ్చి కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. వాళ్లు ఉతికి డ్రయ్యర్‌లో వేస్తారు, ముందే ముడుచుకోని గుడ్డయితే ఒక్క ఉతుకుకే పొట్టిదైపోతుంది. పక్క కుట్ల లోపల అంగుళం, అడుగున మూడంగుళాలు వదలండి. మెడ దగ్గర తాడు, దారం ముళ్లు వద్దు. బొత్తాలు గట్టిగా లాగి చూడండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు. లేసు వేయకుండా మీ చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. గౌను అడుగు అంచున, దగ్గర అల్లికతో, గుడ్డకి ఆనించి కుట్టేయండి. రాత్రి దుస్తులు మాత్రం కుట్టకండి. అక్కడ 9 నెలలు దాటిన పిల్లల నైట్ డ్రెస్సులు ఒంటికి పట్టి ఉండాలి, లేదా మంటని తట్టుకునే గుడ్డతో చేయాలి అని అమ్మేవాళ్లకి నిబంధన ఉంది. వాళ్లకి ఆ పట్టింపు ఉంటుంది.

ఒకవేళ వద్దంటే? బాధపడతారు, పడండి. ఆ రోజు ఏడుపొస్తే బావగారి ముందే ఏడవండి. మిషన్ అమ్మమన్నది ఆయన మీ మీద బెంగతోనే అనుకుంటాను, మీరు దిగులుగా కూర్చుంటే చూడలేక. 'నాకు మిషన్ వద్దనిపించడం లేదు, పిల్లలు పట్టించుకోలేదని బాధగా ఉంది' అని ఆయనతో విడమరిచి చెప్పండి. అబ్బాయితో ఒకసారి విడిగా మాట్లాడండి. 'అన్నీ దొరుకుతాయి' అన్నది వాడి లెక్కలో మీకు శ్రమ తగ్గించడం. మీకు అలా వినిపించలేదని వాడికి తెలియాలి. కుట్టాలనిపిస్తే మీ ఊళ్లోనే ఏడాదిలో ఎన్ని పురుళ్లు వస్తాయో చూడండి. ముందు ముడి వేసే మెత్తటి నూలు జుబ్బాలు ఆ ఎండల్లో పసివాళ్లకి ఎంత సుఖమో మీకు తెలుసు.

చేతి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్లు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటూ ఉండొచ్చు. ఏళ్ల తరబడి సూది పట్టినవాళ్లకి వస్తుంది, షుగరు, థైరాయిడ్ ఉన్నా వస్తుంది. ఎముకల డాక్టరుకి చూపించండి, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆలస్యం చేస్తే పట్టు తగ్గుతుంది. నిద్ర, ఆకలి రెండూ పోయి రెండు వారాలు దాటితే ఆ మాటా డాక్టరుతో చెప్పండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మిషన్ మీద గుడ్డ తీశాక వెంటనే గౌను పెట్టకండి. తొమ్మిది నెలలుగా ఆగి ఉంది. దుమ్ము తుడిచి, బాబిన్ కింద పేరుకున్న నూగు బ్రష్‌తో లాగేసి, నూనె రంధ్రాల్లో ఒక్కో చుక్క వేసి, పాత లుంగీ ముక్క మీద పది వరసలు కుట్టండి. ఆ ముక్క మీద నూనె మరక పడటం ఆగాకే కొత్త కాటన్ తీయండి.