మేనల్లుడి సీసా, మిత్రుడి మాత్రల డబ్బా

ప్రశ్న: ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశాను. చేతికొచ్చిన సొమ్ములో కొంత తమ కొత్త ఆవిష్కరణల్లో పెట్టమని ఇద్దరు అడుగుతున్నారు. గాలిలో తేమను పట్టి తాగునీరు ఇచ్చే సీసా తయారుచేశానని మా మేనల్లుడు అంటున్నాడు. మూత మీద అరచేయంత సోలార్ పలక ఉంటుంది, రోజుకు లీటరు నీళ్లు వస్తాయట. నాతో పనిచేసిన మిత్రుడొకరు మాత్రల డబ్బా చేశారు. పెద్దవాళ్లు వేళకు మాత్ర వేసుకోకపోతే అది పిల్లల ఫోన్‌కు కబురు పంపుతుంది. ఆయన ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. ఇద్దరూ పేటెంట్‌కు దరఖాస్తు పెట్టామంటున్నారు. నేను సైన్సు చదువుకోలేదు. ఏది పనికొస్తుందో ఎలా తేల్చుకోను?

జవాబు: సైన్సు చదవకపోయినా ఫర్వాలేదండీ. సీసా సంగతి ఒక్క భాగహారంతో తేలిపోతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది. లీటరు నీటికి అది సుమారు 2,450 కిలోజౌళ్లు, కరెంటు భాషలో 680 వాట్-అవర్లు. ఆ వేడినంతా సీసాలోంచి బయటికి తోడిపోయాలి. అరచేయంత పలక మంచి ఎండలో 5 వాట్లు ఇచ్చిందనుకుందాం. ఎనిమిది గంటలకు 40 వాట్-అవర్లు. అంత చిన్న సీసాలో పట్టే చల్లదనపు పరికరం, కరెంటు పెడితే ఒక వైపు చల్లబడి రెండో వైపు వేడెక్కే పెల్టియర్ బిళ్ల ఒక్కటే. ఇలాంటి పనిలో అది తాను తిన్న కరెంటును మించి వేడి తోడడం కష్టం. 40ని 680తో భాగిస్తే పదిహేడో వంతు. అంటే రోజంతా ఎండలో పెడితే 60 మిల్లీలీటర్లు, నాలుగు గుక్కలు. అదీ గాలిని చల్లబరిచే ఖర్చు కలపకుండా.

మీ మేనల్లుడు మోసం చేస్తున్నాడని నేననను. సీసా గోడల మీద నీటి చుక్కలు పట్టడం కళ్లారా చూసే ఉంటాడు. చుక్కలు నిజమే, లీటరే కాదు. నా లెక్క నమ్మక్కర్లేదు, తక్కెడను నమ్మండి. ఖాళీ సీసాను మీ ఎదుటే తూచి, లోపల ముందే చార్జి చేసిన బ్యాటరీ లేదని చూసుకుని, ఎండలో పెట్టి సాయంత్రం మళ్లీ తూయండి. కిలో పెరిగితే పైన రాసినదంతా వెనక్కి తీసుకుంటాను. మేనల్లుడు కాబట్టి ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ దాన్ని కానుక కింద రాసుకోండి, పెట్టుబడి కింద కాదు.

మాత్రల డబ్బా అలా కాదు. అది పనిచేస్తుంది. చిక్కు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే పనిచేసే వస్తువును చూడగానే మనం అమ్ముడుపోయే వస్తువని అనేసుకుంటాం. అమెరికాలో జ్యూసెరో అనే సంస్థ, తాను అమ్మే ప్యాకెట్లను పిండి పండ్లరసం తీసే యంత్రం కోసం దాదాపు 12 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. యంత్రం చక్కగా పనిచేసేది. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ రసం ప్యాకెట్లను ఉత్త చేతులతో పిండి చూపించారు. సెప్టెంబరుకల్లా సంస్థ మూతపడింది. పెట్టుబడిదారుల్లో తెలివైనవాళ్లకు కొదవ లేదు. యంత్రం లేకుండా ఆ పని ఎలా జరుగుతుందో చూడాలని మాత్రం వాళ్లకు తోచలేదు.

మీ మిత్రుడి డబ్బాకు పోటీ మరో తెలివైన డబ్బా కాదు. ఫోన్‌లో ఉచితంగా మోగే అలారం, వారం రోజుల పేర్లు రాసిన ప్లాస్టిక్ పెట్టె, సాయంత్రం పిల్లలు చేసే ఒక ఫోన్ కాల్. ఈ మూడూ ఉండగా దాన్ని కొనేది ఎవరు? వాడేది తల్లిదండ్రులు, డబ్బు కట్టేది పిల్లలు, వారం వారం అందులో మాత్రలు నింపేది ఎవరో ఇంకా తేలలేదు. చుట్టాలను అడిగితే అందరూ ‘బ్రహ్మాండం’ అంటారు, ఆ మాటకు విలువ లేదు. పరిచయం లేని ఇరవై ఇళ్లలో పెట్టి, మూడో నెలలో ఎన్ని డబ్బాలు ఇంకా వాడుకలో ఉన్నాయో లెక్కపెట్టమనండి. వాళ్లలో ఎంతమంది సొంత డబ్బు కట్టి కొనుక్కుంటామన్నారో కూడా. నేనైతే మిగతా లెక్కలన్నిటికంటే ముందు ఈ అంకె అడుగుతాను.

తరవాత తయారీ. ఆయన చూపించింది త్రీడీ ప్రింటర్‌తో చేసిన నమూనా అయ్యుంటుంది. వేల సంఖ్యలో పోత పోయాలంటే ఉక్కు అచ్చు కావాలి, దాని ఖర్చంతా మొదటి డబ్బా అమ్మకముందే పడుతుంది. మూత కీలు మార్చాలనుకుంటే అచ్చు మళ్లీ దిద్దాలి. లిథియం బ్యాటరీ ఉంటే రవాణాకు ఐక్యరాజ్యసమితి నిర్దేశించిన యూఎన్ 38.3 పరీక్ష నెగ్గాలి. వైర్‌లెస్ ఉంటే దానికి వేరే అనుమతి. ఇదంతా తడిసి మోపెడవుతుంది. ధర సంగతికొస్తే, దుకాణంలో 100కి అమ్మే వస్తువులో సగం దాకా దుకాణం, పంపిణీదారు తీసుకుంటారు. మిగిలిన 50లో వారంటీ, ప్రకటనలు, జీతాలు పోవాలి. కాబట్టి తయారీ ఖర్చు 25 దాటితే నేను కంగారు పడతాను. వెయ్యికి ఎంత, ఐదువేలకు ఎంత అని తయారీదారు ఇచ్చిన కొటేషన్ కాగితం మీద చూడండి, నోటి మాట మీద కాదు.

ఇక ఇద్దరూ చెబుతున్న పేటెంట్. దరఖాస్తు పెట్టడానికీ పేటెంట్ రావడానికీ మధ్య ఏళ్లు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. వచ్చినా అది ఇచ్చిన దేశం వరకే. ప్రపంచమంతటికీ చెల్లే పేటెంట్ అంటూ లేదు. సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, ఏటా లేదా కొన్నేళ్లకోసారి రుసుము కడుతుంటేనే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పేటెంట్ ఇతరులను ఆపే హక్కు మాత్రమే, మీరు తయారు చేసుకోవచ్చన్న అనుమతి కాదు. మీ వస్తువు ఇంకొకరి పేటెంట్‌ను తొక్కుతుంటే వాళ్లు మిమ్మల్నీ ఆపగలరు. గూగుల్ పేటెంట్స్, ఎస్పాస్‌నెట్ అనే వెబ్‌సైట్లలో పాత పేటెంట్లను ఉచితంగా వెతకవచ్చు. ‘మాత్రల డబ్బా’ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, ఒక సాయంత్రం గడిచిపోతుంది.

నిజంగా గొప్ప ఆలోచనకైనా కాలం కలిసిరావాలి. జిరాక్స్ విధానం కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ 1938 అక్టోబరు 22న మొదటి నకలు తీశాడు. ఇరవైకి పైగా సంస్థలు వద్దన్నాయి. 1942లో ప్రధాన పేటెంట్ వచ్చింది, అప్పటి అమెరికా చట్టం ప్రకారం 17 ఏళ్లకు. జిరాక్స్ 914 యంత్రం జనం ముందుకొచ్చింది 1959లో, ఆ గడువు తీరిన ఏడాదే. తరవాతి మెరుగులకు తీసుకున్న పేటెంట్లు ఆ యంత్రం చేసిన సంస్థను కాపాడాయి. వద్దన్న కంపెనీలను చూసి నవ్వుకోవడానికి ఈ కథ చెబుతుంటారు. రిటైరైన మనిషిగా మీరు చూడాల్సింది మాత్రం ఆ 21 ఏళ్లు. అంతకాలం మీ డబ్బు వెనక్కి తీసుకునే దారి ఉండదు.

అందుకే ఎంత పెట్టాలన్న చోట నేను పిసినారిని. ఆరోగ్య బీమా, ఏడాది ఖర్చులకు చేతిలో నగదు, అప్పులు లేకపోవడం, ఇవన్నీ ఉన్నాక మీ మొత్తం పొదుపులో రెండు శాతం. అంతా పోయినా నెల ఖర్చులో తేడా రాకూడదు. అదీ ఒకేసారి కాదు. మొదటి విడత ఇరవై ఇళ్ల పరీక్షకు. ఆ ఫలితం బాగుంటేనే అచ్చు మాట. డబ్బు మీ మిత్రుడి సొంత ఖాతాలో కాక కంపెనీ ఖాతాలో పడాలి, పేటెంట్ దరఖాస్తు కూడా కంపెనీ పేరుకు మారాలి. లేకపోతే మీకు వాటాలుంటాయి, వాటాల వెనక ఏమీ ఉండదు.

అన్నిటికంటే ముందు ఒక కాగితం. మీ మిత్రుడు ఇంకా ఉద్యోగంలో ఉన్నారన్నారు. ఉద్యోగంలో ఉండగా కనిపెట్టింది యజమానికే చెందుతుందని చాలా నియామక ఒప్పందాల్లో ఉంటుంది. ఆ ఒప్పందం తెప్పించుకుని ఒక న్యాయవాదికి చూపించండి. అది చూపించడానికి ఆయన తటపటాయిస్తే, ఇరవై ఇళ్ల పరీక్ష దాకా కూడా వెళ్లకండి.